ముప్ఫయ్యొక్క నైసులు

నేను ఒక ఇంగ్లీషు విశేషణాన్ని. పేరు నైస్. బాగుంది అనడానికి నన్ను వాడుకుంటున్నారు కదా, అయితే వినండి. లాటిన్‌లో నా పుట్టుకకు అర్థం ‘ఏమీ తెలియని’ అని. ఫ్రెంచివాళ్ల నోట తెలివితక్కువదాన్నయ్యాను. ఇంగ్లండు చేరాక కొన్నాళ్లు చాదస్తం, కొన్నాళ్లు నాజూకు. చివరికి అందరూ కలిసి నన్ను మంచిదాన్ని చేసి కూర్చోబెట్టారు. నన్నొక మాట అడిగిన పాపాన పోలేదు.

పోనీలే అని అందరినీ క్షమించాను, అమలాపురం వైపు ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పే పట్టాభిరామయ్యను తప్ప. ఆయన నన్ను రబ్బరు స్టాంపు చేయించుకున్నాడు. నోటు పుస్తకాల దొంతర ముందు పెట్టుకుని, కాఫీ తాగుతూ పేజీ తిప్పడం, నన్ను గుద్దడం. చదవడమన్న మాటే లేదు.

ఆయన క్లాసులో కెజియా అనే అమ్మాయి ఉండేది. ఇంగ్లీషు ఎం.ఏ.లో చేరాలని ఆమె పట్టుదల. వారానికో వ్యాసం రాసి తెచ్చేది.

“తప్పులుంటే దిద్దండి సార్. ఎంట్రన్సుకి నాకు చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరండి.”

“అలాగేనమ్మా, అక్కడ పెట్టెళ్లు.”

ముప్ఫై వ్యాసాలు, ముప్ఫై నైసులు. పిచ్చిపిల్ల, నన్ను నమ్మింది. ఎంట్రన్సులో వ్యాసమే ఆమెను ముంచింది. ఆమె ఏడ్చింది, నాకు కడుపు మండిపోయింది. అబద్ధం ఆయనది, నోరు నాది.

వారం తిరక్కుండా కెజియా ఇంకో వ్యాసం తెచ్చింది. దాని మధ్యలో ఇలా రాసింది: ‘ఈ వాక్యం మా సారు చదవరు. నా వ్యాసాల్లో ఏ ఒక్కటి చదివినా నా సీటు పోయేది కాదు.’ సరిగ్గా దాని మీదే నన్ను గుద్దాడు. అంత ఇష్టంగా నేనెప్పుడూ కాగితం మీద పడలేదు.

నెలాఖరున ఆయన రిటైర్మెంటు సన్మానం. దండలు, శాలువా, పొగడ్తలు అయ్యాక విద్యార్థుల తరఫున కెజియాను పిలిచారు. ఆమె పుస్తకం తెరిచి, ఆ రెండు వాక్యాలూ మైకులో చదివి, ఆ పేజీ దగ్గరే పుస్తకాన్ని ప్రిన్సిపాల్ మేడం చేతికిచ్చింది. పుస్తకం ముందు వరుసంతా చేతులు మారింది. నేను ఒక్కొక్కరి కళ్లలోకీ తేరిపార చూశాను.

“నాకు తెలీదమ్మా,” అన్నాడు పట్టాభిరామయ్య, శాలువా అంచు నలుపుతూ. “నాకేమీ తెలీదు.”

నా అసలు అర్థం ఆయన నోటితోనే చెప్పించాను.

ఇప్పుడు ఆ స్టాంపు స్టాఫ్‌రూం సొరుగులో ఎండిపోతోంది. కెజియా మళ్లీ ఎంట్రన్సుకు చదువుతోంది. ఆమె వ్యాసాలు ప్రిన్సిపాల్ మేడం దిద్దుతున్నారు. పేజీ నిండా ఎర్రసిరా. నేను ఎక్కడా లేను.