కార్లు లేని ఆదివారం

అరబ్బు దేశాలు చమురు ఆపేసిన ఆ చలికాలం, ఆదివారాలు కార్లు నడపకూడదని హాలెండ్ ప్రభుత్వం ఆజ్ఞ జారీ చేసింది.

మా అమ్మాయి లిస్కె మా వీధిలోనే కారు కింద పడి కాలు పోగొట్టుకుంది. ఈ వీధికి కార్లు వద్దని నేను అడిగినప్పుడల్లా నగరసభ పెద్ద వైబ్రెన్, "కార్లు లేని వీధికి ఎవరొస్తారమ్మా?" అనేవాడు.

అలాంటి ఒక ఆదివారం ఆయన చర్చికి నడిచి వెళ్తూ మా వీధిలో ఆడుకోవడానికొచ్చిన జనంలో ఇరుక్కుపోయాడు. లిస్కె చంకకర్రతో కొట్టిన బంతి ఆయన బూటుకు తగిలింది.

"తన్నండి తాతగారూ. మీ కారైతే తొక్కేసేది," అంది లిస్కె.

ఆయన తన్ని, నావైపు తిరిగాడు. "ఇంతమంది ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారమ్మా?"

"ఇక్కడే ఉన్నారండీ. బయటికి రావడానికి భయపడ్డారంతే."

వసంతానికి పెట్రోలు తిరిగొచ్చింది. అప్పటికే మా వీధి మొదట్లో కార్లు రాకుండా వైబ్రెన్ ఇనుప స్తంభాలు పాతించాడు. ఆయనకూ, ఆ కొరతకూ నేనింకా దండం పెట్టుకుంటాను.