మూడు మైకులు చాలు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా నాయన అంటాడు. అది అబద్ధం. నా కోపం నాలుక మీద ఉంటుంది. ముక్కు మీద ఉంటే తుడుచుకోవచ్చు. నాలుక మీదిది ఒకసారి జారిందంటే ఎవరి చెవిలో దూరుతుందో మన చేతిలో ఉండదు.

ఫిబ్రవరిలో నేను అన్న ఒక మాట ఏంజెల్ చెవిలో దూరింది. అదేమిటో చెప్పే ముందు మేమెవరమో చెప్పాలి.

మాది కందిపూలు అనే పాటల బృందం. మార్కాపురంలో డిగ్రీ చదివేటప్పుడు నలుగురం మొదలుపెట్టాం. సుమన్ రిథమ్ ప్యాడ్ వాయిస్తాడు, సాగర్ కీబోర్డు. నేను, అంటే నాగజ్యోతి, మెయిన్ సింగర్. ఏంజెల్‌ది రెండో గొంతు. పాటలు రాసేది కూడా అదే. సినిమా పాటలు మేం పాడం. మా పాటలన్నీ గిద్దలూరు బస్సు మీద, కందిచేల మీద, నీళ్ళ ట్యాంకరు మీద ఉంటాయి. బీటు మాత్రం కాళ్ళు ఆగనివ్వని బీటు. ట్యాంకరు పాటను యూట్యూబులో ఎనిమిది లక్షలసార్లు చూశారు. యర్రగొండపాలెం నుంచి దొనకొండ దాకా ఏ కాలేజీలో స్టేజీ ఎక్కినా పిల్లలు "ట్యాంకరు, ట్యాంకరు" అని అరుస్తారు. ఆరేళ్ళలో నలభై స్టేజీలు ఎక్కాం. ప్రతిసారీ నలుగురమే ఎక్కాం.

డిసెంబరులో ఏంజెల్‌కు థైరాయిడ్ ఆపరేషన్ జరిగింది. గడ్డ గొంతు నరానికి అంటుకుని ఉందని, గొంతు మారవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. అట్లాగే మారింది. మాట వస్తుంది గానీ బొంగురుగా, సగం గాలితో వస్తుంది. పాట అసలు రాదు. తర్లుపాడు దగ్గర వాళ్ళ ఊరికి నేను చూడబోతే, మంచం మీద కూర్చుని కందికాయలు ఒలుస్తూ ఉంది.

"పాడి చూపించమంటావా?" అంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే అదీ ఏడుస్తుందని, "ఎందుకులేవే, నీ పాట ఎప్పుడు బాగుంది గనక" అన్నాను. పడీ పడీ నవ్వింది. మా ఇద్దరి మధ్య అలాంటివి చెల్లుతాయి.

చెల్లనిది తర్వాత జరిగింది. మార్చి ఎనిమిదిన మార్కాపురంలో పొదుపు సంఘాల మహిళల సభ ఉందని, వచ్చి పాడమని అరుణకుమారి మేడమ్ కబురు చేసింది. చుట్టుపక్కల ఊళ్ళ సంఘాలన్నిటినీ చూసుకునేది ఆమే. మా వాట్సాప్ గ్రూపులో సుమన్, "ఏంజెలక్క లైన్లు ఎట్ల చేద్దాం? మైకులు ఎన్ని చెప్పాలి?" అని పెట్టాడు. నేను బస్సులో నిలబడి ఉన్నాను, ఎవరో కాలు తొక్కారు. ఆ చిరాకులోనే వాయిస్ మెసేజ్ పెట్టాను.

"దాని లైన్లు గూడా నేనే పాడతాలే. మూడు మైకులు చాలు. అదేమన్నా బ్రహ్మవిద్యా?"

దాన్ని ఇబ్బంది పెట్టొద్దు, ఇంటి పట్టున ఉండి కోలుకోనివ్వండి అని నా ఉద్దేశం. ఆ ఉద్దేశం నా కడుపులో ఉండిపోయింది, మాట మాత్రం గ్రూపులో పడింది. గ్రూపులో ఏంజెల్ కూడా ఉంది కదా! కాసేపటికి "ముగ్గురూ బాగా పాడండి" అని రాసింది. ఆ కింద, ఏంజెల్ గ్రూపులోంచి వెళ్ళిపోయిందని ఫోను చూపించింది.

రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఊరికి పోతే వాళ్ళమ్మ ఎలీషబా అత్త వాకిట్లోనే ఎదురొచ్చి, "నిద్రపోతాంది తల్లీ" అంది. పొద్దున పదకొండు గంటలకు ఎవరు నిద్రపోతారు? అయినా ఆమె ముఖం చూసి వెనక్కి వచ్చాను. ఆటోలో దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. ఇల్లు చేరేసరికి అది పోయి ఏంజెల్ మీద కోపం వచ్చింది. అంత మాత్రానికే అలగాలా? నేను దాన్ని ఎన్ని అనలేదు, అది నన్ను ఎన్ని అనలేదు? సరే, పాడి చూపిస్తాను అనుకున్నాను. ఎవరికి చూపించాలనుకున్నానో నాకే తెలియదు.

సాగర్ వాళ్ళింట్లో పది రోజులు ప్రాక్టీసు చేశాం. ఫోనులో పాటల లైన్లు పెట్టుకుని చూస్తూ పాడాను. అన్నీ బ్రహ్మాండంగా వచ్చాయి. స్టేజీ మీదికి మాత్రం ఫోను తీసుకుపోనని చెప్పాను. ఫోను చూసి పాడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మైకు ముందు తల వంచుకుని వేలితో ఆ జరుపుకోవడమేంటి, చీటీ పెట్టి పరీక్ష రాసినట్టు? ఆరేళ్ళుగా అలాంటి వాళ్ళను ఎక్కిరిస్తూ వచ్చాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఏంజెల్‌కు స్టేజీ మీద ఒక పాడు అలవాటు ఉండేది. నాకు ఎడమ పక్కన నిలబడేది కదా, ప్రతి లైనుకూ ముందు మైకు పక్కకు తిప్పి ఏదో గొణిగేది. అది వాళ్ళమ్మ నుంచి వచ్చింది. వాళ్ళ చర్చిలో పెద్దవాళ్ళకు చాలామందికి చదువు రాదు. అందుకని ఒకరు ముందు నిలబడి ఒక్కో లైనూ పైకి చెబుతారు, తర్వాత అందరూ దాన్ని రాగంతో పాడతారు. దాన్ని పాట అందించడం అంటారు. ఎలీషబా అత్త ముప్పై ఏళ్ళుగా అందిస్తోంది. చిన్నప్పుడు ఆమె కొంగు పట్టుకుని నిలబడి ఏంజెల్ కూడా అందించేదట. మా వైపు భజనల్లోనూ ఇంతే, మా నాయన ఒక మాట అంటే పదిమంది దాన్ని అందుకుంటారు. కానీ డాన్సు బీటు పాటలో ఆ గొణుగుడు ఎందుకని నా చిరాకు. "ఏందే ఆ నస? చెవిలో దోమ దూరినట్టు" అని ఎన్నిసార్లో కసిరాను. వినేది కాదు.

సభ రోజు హైస్కూలు గ్రౌండులో పెద్ద షామియానా వేశారు. పదింటికల్లా ఎండ చుర్రుమంటోంది. ఏడెనిమిది వందలమంది ఆడవాళ్ళు, ఊరికో రంగు చీరలో, మజ్జిగ ప్యాకెట్లు పట్టుకుని కూర్చున్నారు. ఉపన్యాసాలు అయ్యాక మమ్మల్ని పిలిచారు. అరుణకుమారి మేడమ్ మెట్ల దగ్గర ఆపి, "పోస్టరులో నలుగురున్నారే?" అంది. "ముగ్గురమే మేడమ్" అన్నాను.

స్టేజీ మీద మూడు మైకులున్నాయి. సుమన్, సాగర్ వాయించేవాళ్ళు, వాళ్ళవి స్టాండ్లకు బిగించి ఉన్నాయి. చేతిలో పట్టుకునేది నాదొక్కటే.

మొదటిది బస్సు పాట. అందులో ఉన్నవే నాలుగు లైన్లు, తిప్పి తిప్పి పాడతాం. బాగా పోయింది. ముందు వరసలో ఒక ముసలామె లేచి చిందేసింది. రెండోది ట్యాంకరు పాట. సుమన్ ప్యాడ్ మీద బిందె చప్పుడు మోగించగానే షామియానా అంతా చప్పట్లు.

"ట్యాంకరొచ్చె ట్యాంకరొచ్చె బిందె తియ్యే వదినా" అని ఎత్తుకున్నాను. మొదటి చరణం అయింది. మధ్యలో సంగీతం అయింది. రెండో చరణానికి నోరు తెరిచాను.

ఏమీ రాలేదు.

ఒక్క ముక్క కూడా గుర్తు లేదు. సాగర్ తెలివైనవాడు, సంగీతాన్ని మళ్ళీ మొదటికి తిప్పాడు. రెండోసారి కూడా రాలేదు. మూడోసారి తిప్పుతూ నా వంక చూశాడు. నేను ఎడమ పక్కకు తిరిగి చూస్తున్నాను. అక్కడ ఎవరూ లేరు. నేను దేనికోసం ఎదురుచూస్తున్నానో అప్పుడు తెలిసింది. ఆ గొణుగుడు కోసం. ఆరేళ్ళు ప్రతి లైనూ అది అందిస్తే నేను పాడాను. పాటలన్నీ నాకు వచ్చనుకున్నాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చెంపలు వాయించుకుందామంటే చేతిలో మైకు ఉంది.

అప్పుడు మూడో వరసలోంచి ఒక బొంగురు గొంతు వినిపించింది.

"నీళ్ళ కోసం నిలబడ్డ వరసెంత పొడవే వదినా."

పాటలాగా కాదు, చదివినట్టు, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. మెడకు చున్నీ చుట్టుకుని ఏంజెల్ నిలబడి ఉంది. వాళ్ళ సంఘంతో వచ్చినట్టుంది, పక్కన ఎలీషబా అత్త కూర్చుని ఉంది. ఆ గొంతు నాలుగు వరసలు దాటి పోయేది కాదు. కానీ ఆ నాలుగు వరసల్లో ఉన్నది వాళ్ళ ఊరివాళ్ళే. లైను అందితే అందుకోవడం వాళ్ళకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అని చూడలేదు. పాడేశారు. వాళ్ళు పాడింది వెనక వరసలకు అందింది, వాళ్ళూ పాడారు. భజనలకు అలవాటుపడ్డ ఆడవాళ్ళు చేతులు కలిపారు. సుమన్ బీటు తగ్గించి వట్టి డోలక్ దరువు వేశాడు. ఏడెనిమిది వందల గొంతులు నా పాట పాడుతుంటే నేను స్టేజీ మీద దిష్టిబొమ్మలా నిలబడ్డాను.

ఏంజెల్ రెండో లైను అందించబోయింది. ఆ హోరులో పక్కనున్న వాళ్ళమ్మకు కూడా వినపడి ఉండదు. నోరు కదలడం మాత్రం కనిపించింది. ఇంకోసారి చెప్పి, గొంతు పట్టుకుని దగ్గింది.

నేను స్టేజీ దిగి పోయాను. దాని ముందు నిలబడి మైకు చాపాను. అది తీసుకోలేదు.

"నాకెందుకే, ఈ గొంతుతో" అంది.

"నువ్వు చెప్పు. నాకు రాదు."

"ఏంది రాదు?"

"పాటే రాదు. ఒక్క లైను గూడా రాదు. ఎప్పుడూ రాలేదు, నువ్వు చెప్తేనే పాడినాను. నువ్వు లేకుంటే నేను ఎందుకూ పనికిరాను, సరేనా?"

షామియానా అంతా గొల్లున నవ్వింది. మైకు ఆన్‌లోనే ఉంది. నా మాట స్పీకర్లలోంచి గ్రౌండు దాటి రోడ్డు మీద ఆటోవాళ్ళ దాకా పోయింది. నేను ఇంకా కోపంగానే ఉన్నాను, ఎవరి మీదో తెలియదు. కళ్ళ వెంట నీళ్ళు మాత్రం కారుతున్నాయి. ఎలీషబా అత్త నా మోచేయి పట్టుకుని లాగి తన పక్కన కూర్చోబెట్టింది. "తీసుకోయే. పాట మధ్యలో ఆపగూడదు" అని కూతురిని గదమాయించింది.

ఏంజెల్ మైకు తీసుకుంది.

"వాన కోసం చూసిన చూపు అంతకన్నా పొడవే వదినా" అని అందించింది. స్పీకర్లలో ఆ బొంగురు గొంతు ఎంత బాగుందో చెప్పలేను. బోరింగు కొట్టగా కొట్టగా ఎప్పటికో నీళ్ళు పడే ముందు గాలి వస్తుంది చూడండి, అలా ఉంది. జనం పాడారు. నేను కూడా జనంలో కూర్చుని, మైకు లేకుండా, గొంతు చించుకుని పాడాను. ఆఖరి చరణం అందించేటప్పుడు నా వంకే చూసి చెప్పింది.

"నీకు బిందె నిండకుంటే నా బిందెలో సగం నీదే వదినా."

ఆ లైను నాకు పాడటం కుదరలేదు. మిగతావాళ్ళు పాడారు.

సభ అయిపోయాక షామియానా వెనక నీడలో నలుగురం కూర్చున్నాం. అరుణకుమారి మేడమ్ పులిహోర పొట్లాలు పంపింది. పొట్లం విప్పుతూ నేనే అడిగాను.

"నాకు రావని నీకు తెలుసా?"

"తెలుసు" అంది ఏంజెల్. "రెండేళ్ళ కింద దొనకొండలో ఒకసారి అందియ్యకుండా చూసినాను. నువ్వు మొదటి చరణమే మళ్ళా పాడినావు. నీకు తెలియను గూడా తెలియలే."

సుమన్‌కు పులిహోర పొలమారింది.

"మరి చెప్పలేదేందే? నస అని అన్ని తిట్లు తిట్టినాను గదా!"

ఏంజెల్ పొట్లంలో పల్లీలు ఏరుకుంటోంది. "చెప్తే నువ్వు మంకుపట్టు పట్టి రాత్రికి రాత్రి బట్టీ పట్టేస్తావు. ఇంక నేనెందుకు నీ పక్కన?" అంది.

ఆరేళ్ళు పక్కన నిలబడ్డ మనిషికి ఆ భయం ఉందని నాకు తెలియదు. నా నాలుక మీద చాలా మాటలు వచ్చాయి. ఒక్కటి కూడా బయటికి రానివ్వలేదు. నా పొట్లంలోని పల్లీలు ఏరి దాని పొట్లంలో వేశాను.

సుమన్ ఫోను మోగింది. గిద్దలూరు కాలేజీ వాళ్ళు, వచ్చే వారం వార్షికోత్సవం. రెండు నిమిషాలు మాట్లాడి, ఫోను చేత్తో మూసి నా వైపు తిరిగాడు.

"జ్యోతక్కా, మైకులు ఎన్ని అని అడుగుతాండారు. ఎన్ని చెప్పాలి?"

నేను నోరు మూసుకుని ఎడమ పక్కకు తిరిగి చూశాను. ఏంజెల్ పల్లీలు నములుతూ నన్ను చూసింది. నేను చూస్తూనే ఉన్నాను. నమలడం ఆపి, మింగి, గొంతు సవరించుకుంది.

"నాలుగు" అని అందించింది.

"నాలుగు" అన్నాను.