అందిన నమూనాల మేరకు

ల్యాబు నీళ్ళతొట్టిలోంచి మూడో కాంక్రీటు దిమ్మను పైకి తీసి, తడి తుడిచి, కిటికీ పక్కన తన బల్ల మీద పెట్టింది ఆమె. వంగి నాలుగు పక్కలూ చూసింది. వేలితో అంచు తడిమింది. సిమెంటు తినేసి ఆమె వేళ్ళ చివరలు ఎప్పుడో పగిలిపోయాయి. ఇంట్లో ఎంత నూనె రాసినా మళ్ళీ తెల్లారేసరికి అంతే.

"ఎలా ఉన్నాయి బాబాయ్?"

ఎంత బరువు తట్టుకుంటాయో చూడ్డానికి దిమ్మల్ని నొక్కి పగలగొట్టే మిషన్ దగ్గర ఉంటాడు బాబాయ్. కళ్ళజోడు పైకి తోసి చూశాడు.

"ఫోటో దిగడానికి వచ్చినట్టున్నాయి తల్లీ."

ఆమెకూ అదే అనిపించింది. సైటులో హడావుడిగా పోసిన కాంక్రీటుకు ఎక్కడో చోట చిన్న చిన్న గుంటలుంటాయి, ఓ అంచైనా చిట్లుతుంది. వీటికి మచ్చ లేదు. సిమెంటు ధారాళంగా పోసిన నలుపు. మీద ఎర్ర పెయింటుతో 'బడి, పై అంతస్తు స్లాబు' అని రాసుంది. స్లాబులో కాంట్రాక్టరు పోసింది వేరు, ల్యాబుకు పంపింది వేరు. అలాంటి సరుకు ఆమె చేతుల మీదుగా ఇదివరకూ వెళ్ళింది. రిపోర్టు అడుగున సన్నటి అక్షరాల్లో ఓ వాక్యం ఉంటుంది: 'ఈ ఫలితాలు మాకు అందిన నమూనాలకు మాత్రమే వర్తిస్తాయి.' దాని కిందే ఆమె సంతకం. ఆ వాక్యం నీడలోనే ఉద్యోగం గడిచింది, ఇల్లు నడిచింది, ఇద్దరు పిల్లలు చదువుకున్నారు.

ల్యాబులోనే కాదు, ఊళ్ళోనూ ఆమెను అనుమానం మేడం అంటారు. ఆ గుణం పుట్టింటిది. కొట్టు నడిపిన తండ్రి, ఎవరైనా సరుకు ఊరికే ఇస్తే ముందు వాసన చూడమనేవాడు. మొగుడు చీర తెచ్చినా, ఏం తప్పు చేసొచ్చాడో అని మొహంలోకి చూసేది.

అలాంటి మనిషికి కంపెనీ ఊరికే చదువు చెప్పిస్తానంది. వృత్తి నైతికతలో పీజీ. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి శనివారం మధ్యాహ్నం క్లాసులు. ఫీజు మొత్తం మేనేజర్ కట్టించాడు. మనిషి టీకి లేస్తే వెనకాలే ఫ్యాను కట్టేసే మేనేజర్! ఇందులో ఆయనకేం గిట్టుబాటని క్లాసుల్లో చేరిన రోజు నుంచీ లెక్క వేస్తూనే ఉంది. తెగలేదు. ఈలోగా మిగతావాళ్ళు ఆమెను లెక్కలోంచి తీసేశారు. ఆమె క్యారియర్ తెచ్చుకుని కూర్చుంటే మాటలు ఆగిపోతాయి.

"నీతులు నేర్చుకొచ్చి మన మీదే ప్రయోగం చేస్తుందట" అని ఎవరో అంటే బాబాయ్ కూడా నవ్వాడు. అప్పటి నుంచి ఆయన మీదా ఓ కన్నేసింది. మేనేజర్‌కి కబుర్లు మోసేది ఈయనే కావచ్చు.

"వీటిని ఇప్పుడే నొక్కకు బాబాయ్. క్లాసుకెళ్ళి వస్తా" అని చేతులు కడుక్కుంది.

క్లాసులో ఎవరి పనిలో వచ్చిన చిక్కు వాళ్ళు తెచ్చి చెప్పాలి. అందరూ చెప్పారు, కాకపోతే ఎవరూ తమదని చెప్పలేదు. నర్సు తన ఫ్రెండు ఆస్పత్రి సంగతంది. ఆడిటరు తోడల్లుడి మీద పెట్టాడు.

"అబ్బో! మీరంతా మంచివాళ్ళే, మీ చుట్టాలే పాపం ఇరుక్కుపోయారు" అన్నాడు మాస్టారు. అందరూ నవ్వారు.

ఈమె కూడా తన చిక్కును ఓ స్నేహితురాలికి అంటగట్టింది. ముద్దుగా ఉన్న దిమ్మల గురించి, అడుగున ఉండే వాక్యం గురించి చెప్పింది.

"ఇంతకీ మీ స్నేహితురాలు సంతకం పెట్టిందా?"

"ఇంకా లేదండీ. సాయంత్రం వెళ్ళి పెట్టాలి."

నోరు జారాక తెలిసింది. గదిలో ఎవరూ నవ్వలేదు. నర్సు తన పక్కనున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

మాస్టారు చాక్‌పీసు కింద పెట్టాడు. "ఆ వాక్యం ఎవర్ని కాపాడుతుందో మీ స్నేహితురాలికి తెలుసా?"

క్లాసు అయ్యాక ఆమె బస్టాపులో రెండు బస్సులు వదిలేసి, ఫోను తీసి, బడి హెడ్మాస్టరు నంబరు కనుక్కుని మాట్లాడింది.

తిరిగొచ్చేసరికి ఆమె బల్ల మీద కొత్త నేమ్‌ప్లేటు పెట్టుంది. మేనేజర్ ఎదురుచూస్తున్నాడు.

"చూశారా మేడం? ఇక రిపోర్టులన్నీ మీ పేరు మీదే. ఈ డిగ్రీ కనిపిస్తే ఏ క్లయింటూ మారు మాట్లాడడు."

ఇన్నాళ్ళకు లెక్క తెగింది. ఊళ్ళో అందరికీ తెలిసిన ఆమె అనుమానాన్ని హోల్‌సేల్‌గా కొని, ప్రతి రిపోర్టు మీదా చిల్లరగా అమ్ముకోవాలనుకున్నాడు.

"పరీక్షలు ఇంకా రాయలేదండీ" అంది.

"రాస్తారుగా. ముందా బడి రిపోర్టు ఇచ్చేయండి."

"ఆ దిమ్మలు స్లాబువి కావు. స్లాబులోంచే డ్రిల్లుతో ముక్క తీసి చూడాలి."

"మనకవన్నీ ఎందుకు? అడుగున రాసుందిగా."

"అది పిల్లలు చదవరు కదండీ. హెడ్మాస్టరుకి ఫోన్ చేసి చెప్పాను. స్లాబు పరీక్ష అయ్యేదాకా పైకెవర్నీ ఎక్కించనన్నారు."

మేనేజర్ మొహం మాడింది. "మనకు కూడు పెట్టేవాడి పొట్ట కొట్టారు. సోమవారం నుంచి ఎలా వస్తారు?"

"రాను."

వేరే ఉద్యోగం చూసుకుని అన్న మాట కాదది. ఈ వయసులో, ల్యాబు గుట్టు బయటపెట్టిందని పేరుపడ్డాక, ఏ ల్యాబు తీసుకుంటుందో ఆమెకు తెలీదు. క్యారియరూ, గొడుగూ తీసుకుంది. సంతకం పెట్టే పెన్ను సొరుగులో వదిలేసింది.

మేనేజర్ బాబాయ్ వైపు తిరిగాడు. "నువ్వు నొక్కు. నేనే పెడతా సంతకం."

"నూనె కారుతోంది సార్ మిషన్. రిపేరు చేసేవాడు రావాలి."

గుమ్మం దగ్గర ఆ మాట ఆమెకు వినపడింది. పొద్దున ఆ మిషన్ కింద తుడిచింది తనే. చుక్క నూనె లేదు. వెనక్కి తిరిగి బాబాయ్ మొహం చూడాలనిపించింది. చూడకుండానే మెట్లు దిగింది.

ఆమె బల్ల మీద దిమ్మలు మూడూ ఆరిపోయి తెల్లబడుతున్నాయి. వాటి పక్కన, పైపొర ఇంకా ఒలవని కొత్త నేమ్‌ప్లేటు మీద ఆమె పేరూ, దాని కింద ఆమెకు ఇంకా రాని డిగ్రీ.