నెమ్మది నాడి

లారీలు తూకం వేసే కాటా దగ్గర గుమాస్తాని అందరూ "గుర్రం" అంటారు. వయసులో ఉండగా పరుగుపందేల్లో పేరుమోసినవాడు మరి. ఇప్పుడేమో పొద్దుటినుంచి సాయంత్రందాకా అద్దాల గదిలో కుర్చీకి అతుక్కుపోయి ఉంటాడు. ఎదురుగా ఉన్న టీకొట్టుకు కూడా ఏ లారీ క్లీనర్‌నో పంపుతాడు తప్ప తాను లేవడు. పేరు మాత్రం గుర్రం!

పరుగు మానేసి ఇరవై ఏళ్లు. కప్పులు అటకెక్కాయి, పొట్ట ముందుకొచ్చింది. మిగిలిందల్లా నాడి ఒక్కటే. రోజూ నిద్రలేవగానే మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి, కోచ్ నేర్పినట్టే గోడగడియారం చూస్తూ లెక్కపెట్టుకుంటాడు. "నెమ్మదిగా కొట్టుకునేదే మొనగాడి గుండెరా" అనేవాడు ఆ కోచ్. ఈమధ్య అది ఇంకా నెమ్మదించింది. పెద్దమనిషి మురిసిపోయాడు. అడుగు తీసి అడుగు వెయ్యకుండానే పాత రోజుల నాడి తిరిగొచ్చేసిందట!

"మెట్లెక్కితే ఆయాసం, కూర్చుంటే కునుకు. ఒక్కసారి చూపించుకోండి," అని భార్య పోరుపెట్టింది.

"ఇదిగో, పట్టుకు చూడు. మీ డాక్టర్లకి కూడా ఉండదు ఇలాంటి నాడి," అని చెయ్యి చాపాడు.

ఆమె పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అది మెచ్చుకోలనుకున్నాడు, వెర్రిబాగులవాడు.

ఒక మధ్యాహ్నం కాటా మీద ఇసుక లారీ నిలబడి ఉండగా కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయాడు. ఆ డ్రైవరే ఎత్తుకెళ్లి ఆస్పత్రిలో చేర్పించాడు.

డాక్టరమ్మ ఈసీజీ చూసి, "పరుగు ఎప్పుడు మానేశారు?" అంది.

"ఇరవై ఏళ్లయిందండి."

"పోనీ, నడకైనా ఉందా?"

"లేదండి."

"మరి ఇది పరుగు వల్ల వచ్చిన నెమ్మది ఎలా అవుతుందండీ? ఎప్పుడో తిన్న అన్నానికి ఇవాళ కడుపు నిండుతుందా? మీ గుండెలో పైనుంచి రావలసిన కబురు కిందకి అందట్లేదు. ఇలాగే వదిలేస్తే ఏదో ఒకరోజు ఆగింది ఆగినట్టే ఉండిపోతుంది. పేస్‌మేకర్ పెట్టాలి."

ఆయనకు భయం వెయ్యలేదు. ఏడుపూ రాలేదు. చిన్న పందెం ఓడినప్పుడు కూడా ఇంతకన్నా ఎక్కువే బాధపడ్డాడు. ఎవరి సంగతో చెబుతున్నట్టు విని, చూపించినచోట సంతకం పెట్టేశాడు.

మిషను పెట్టిన మర్నాడు మధ్యాహ్నం అలవాటుకొద్దీ మణికట్టు మీద వేళ్లు పెట్టాడు. నాడి టకటకా నడుస్తోంది. ఇంకెవరి చెయ్యో పట్టుకున్నట్టుంది.

"అయిపోయింది. అందరిలాంటి నాడే," అన్నాడు గోడవంక చూస్తూ.

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న భార్య, "ఏదీ, నన్ను చూడనివ్వండి," అని ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. కాసేపటికి మెల్లగా అంది. "ఇన్నాళ్లూ మీరు నిద్రపోతుంటే మీ ఛాతీ మీద చెయ్యేసుకుని పడుకునేదాన్ని. ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకుంటుందో లేదో అని. కొట్టుకునేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. చెబితే వింటారా? మీ గొప్ప మీది."

ఆయన ఏదో ఒకటి అందామని ఇటు తిరిగేసరికి ఆమె మంచం అంచుకు తల ఆనించి నిద్రపోయింది. పట్టపగలు, నర్సులు అటూఇటూ తిరుగుతుండగా, నోరు తెరుచుకుని గురకపెట్టి మరీ. ఆమె వేళ్లు ఆయన మణికట్టు మీదే ఉన్నాయి.

అప్పుడు సిగ్గేసింది ఆయనకు. చెయ్యి తిమ్మిరెక్కినా కదపలేదు.