కురచైన వైర్లు

రాజరత్నం గారికి కరెంటు పని వచ్చని పేటలో అందరూ అంటారు. ఆయనా అదే అనుకుంటారు, వచ్చిన చిక్కంతా అక్కడే. సహకార బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఆయనకు ఈ పని నేర్పినవాళ్లెవరూ లేరు. ఒక టెస్టరు, ఒక కటింగ్ ప్లేయరు, బోలెడంత ధైర్యం, అంతే ఆయన దగ్గరున్న సామాను. తణుకు అవతల ఉన్న ఆ పేటలో ఎవరింట్లో ఫీజు ఎగిరినా మొదటి కబురు ఆయనకే వచ్చేది. ఆయన చొక్కా చేతులు మడుచుకుని స్టూలెక్కేవారు. పింగాణీ ఫీజు ఊడలాగి, లోపల ఏం చెయ్యాలో అది చేసి, "వెయ్యమ్మా స్విచ్చి" అనేవారు. ఫ్యాను తిరిగేది. ఇంటివాళ్లు టీ ఇచ్చేవారు. ఆ టీ తాగేటప్పుడు ఆయన మొహం చూడాలి, పేటకి కరెంటు తెచ్చిందే తనైనట్టు ఉండేది.

అలాంటి మనిషి ఇంటికి మొన్న ఎండల్లో ఏసీ వచ్చింది. ఆయన భార్య బేబి గారు ఎన్నాళ్లుగానో అడుగుతుంటే ఎట్టకేలకు కొన్నారు. తీరా బిగించడానికొచ్చిన షాపు మనిషి వసారాలో ఉన్న పాత ఫీజు బోర్డు చూసి, దీని మీద ఏసీ పెట్టమండీ, ఇది తీసేసి ఫీజుల బదులు స్విచ్చులుండే ఎం.సి.బి. బాక్సు పెట్టించుకుని కబురు చెయ్యండి అని వెళ్లిపోయాడు. రాజరత్నం గారికి ఆ మాట గుచ్చుకుంది. అయినా బాక్సు బిగించడం తన వల్ల అయ్యే పని కాదు కాబట్టి, నామోషీ దిగమింగుకుని జయపాల్‌ని పిలిచారు.

జయపాల్ ఆ పేట కుర్రాడే. ఇప్పుడు పెళ్లై పిల్లలున్నవాడు గానీ, చిన్నప్పుడు సండే స్కూల్లో రాజరత్నం గారి దగ్గరే బైబిలు వాక్యాలు అప్పజెప్పాడు. ఐటీఐ చదివి ఎలక్ట్రీషియన్ అయ్యాడు. పని శుభ్రంగా చేస్తాడని పేరు. ఆ పేరు మీదే ఆ యేడు వాడికి పెద్ద ఆశ ఒకటి పుట్టింది. పేటలోని బాప్టిస్టు చర్చికి జూబిలీ పండుగ వస్తోంది. పండుగలోపు చర్చికంతా కొత్త వైరింగ్ చేయించాలని కమిటీ అనుకుంది, ఆ పని జయపాల్‌కి ఇద్దామని నోటిమాటగా అనేసుకున్నారు కూడా. చర్చి పని చేశాడంటే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుస్తుంది, ఇక వెనక్కి చూసుకోనక్కర్లేదు అని జయపాల్ భార్య సారిక బేబి గారితో చెప్పుకుని మురిసిపోయింది.

ఆ రోజు జయపాల్ మెయిన్ ఆపి, పాత బోర్డు ఊడదీశాడు. గోడలో పైనుంచి దిగిన వైర్లు గొట్టంలోంచి బయటికొచ్చి వేలాడుతున్నాయి. కొత్త బాక్సు పెట్టి చూస్తే సగం వైర్లు లోపలిదాకా అందడంలేదు. ఏసీ వచ్చిందని విని ఇరుగుపొరుగు వాళ్లు వసారాలో చేరి కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్ల మధ్యలో జయపాల్ మామూలుగా చెప్పాడు, వైర్లు కురచగా ఉన్నాయండీ, ఒక్కోదానికి ముక్క అతకాలండీ, ఊరికే మెలిపెట్టి టేపు చుడితే ఏసీ లాగే కరెంటుకి కాలిపోతుంది, బజారుకెళ్లి కనెక్టర్లు తెస్తానండీ అని.

"నిన్నటిదాకా అందిన వైర్లు నీ చెయ్యి పడగానే కురచైపోయాయేంట్రా?" అన్నారు రాజరత్నం గారు.

నిన్న కూడా అందీ అందకుండా లాగిపట్టే ఉన్నాయండీ అన్నాడు జయపాల్. వాడు ఉన్నమాట అన్నాడు. రాజరత్నం గారికి మాత్రం అది తన పనికి వంక పెట్టినట్టు వినబడింది. అందులోనూ పదిమందిలో. ఆ బోర్డు మీద ఆయన తప్ప ఇంకొకరు చెయ్యి వేసింది లేదు మరి. మనిషికి మొహం ఎర్రబడింది. వైర్లు కోసి రాగి అమ్ముకునేవాళ్ల సంగతి తనకి తెలీదనుకుంటున్నావా అన్నారు. జయపాల్ తెల్లబోయి చూస్తుండగానే, గోడవార పెట్టిన వాడి సంచి అందుకుని వసారాలో బోర్లించారు.

స్క్రూలు, టేపు చుట్టలు, టెస్టరు, సగం తిన్న బిస్కట్ ప్యాకెట్టు అన్నీ గచ్చు మీద పడ్డాయి. వాటితోపాటు రాగి వైరు ముక్కలు కూడా పడ్డాయి. ఎలక్ట్రీషియన్ సంచిలో రాగి ముక్కలు లేకపోతే ఏముంటాయి? కానీ ఆ క్షణంలో ఎవరికీ అది తట్టలేదు. రాజరత్నం గారు ఒక ముక్క తీసి అందరికీ చూపించారు. అది నిన్న వేరే ఇంట్లో పనిదండీ అని జయపాల్ అన్నాడు గానీ ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. వాడు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ ఏరుకున్నాడు. బేబి గారి కాళ్ల దగ్గరికి దొర్లిన స్క్రూ ఆవిడ తీసిస్తే, తలెత్తకుండా తీసుకుని వెళ్లిపోయాడు.

తరవాత టౌన్ నుంచి ఇంకో ఎలక్ట్రీషియన్ వచ్చాడు. వైర్లకి ముక్కలు అతికి, కనెక్టర్లు బిగించి, బాక్సు పెట్టేసి పోయాడు. ఏసీ చల్లగా నడిచింది. దానికింద కూర్చుని రాజరత్నం గారు వచ్చినవాళ్లందరికీ జయపాల్ సంగతి చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ రాగి ముక్కలు కాస్త పెరిగేవి. చర్చి కమిటీ కూర్చున్న రోజున వాళ్లతో కూడా, వాడికి చేతివాటం ఉంది, దేవుని మందిరంలో పని, ఆపైన మీ ఇష్టం అన్నారు. సెక్రటరీ ఉదయ్‌కుమార్ ఆ పని టౌన్ మనిషికి మాట్లాడేశాడు. పేటలో వాళ్లు జయపాల్‌ని పిలవడం మానేశారు. వాడు పొద్దున్నే బండి వేసుకుని ఎక్కడో మొగల్తూరు వైపు పనికి పోతున్నాడని తెలిసింది. సారిక చర్చిలో బేబి గారు కనబడితే మొహం తిప్పుకునేది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం పాస్టరు గారింట్లో ఫీజు ఎగిరింది. కబురు మామూలుగా రాజరత్నం గారికే వచ్చింది. ఆయన వెళ్లి స్టూలెక్కారు. వైరు చివర మాడి నల్లగా ఉంది. ప్లేయరుతో టక్కున కత్తిరించి, తోలు ఒలిచి, స్క్రూ కింద పెట్టబోయారు. అందలేదు. ఇంకాస్త లాగారు. గొట్టంలోంచి రానంది. కింద టార్చి పట్టుకుని నిలబడ్డ పాస్టరు గారి భార్య నవ్వి, "మీరొచ్చినప్పుడల్లా ఒక ముక్క కింద పడుతుంది కదండీ, ఇంకేం మిగులుతుంది?" అంది.

ఆవిడ హాస్యానికే అంది. రాజరత్నం గారు మాత్రం స్టూలు మీద అలాగే ఆగిపోయారు. కిందికి చూశారు. గచ్చు మీద వేలెడు రాగి ముక్క పడుంది. తన ఇంట్లో ఎన్ని వేసవులు, ఎన్ని ఫీజులు! ఎగిరిన ప్రతిసారీ ఇలాగే ఒక ముక్క. మళ్లీ మళ్లీ ఎగరకూడదని తనే ఫీజులో లావు తీగ వేసేవారు, అందుకే వైరు చివర మాడేది, మాడిందని కత్తిరించేవారు. తన వైర్లు తినేసింది తన ప్లేయరే. జయపాల్ చెయ్యి వేసేసరికి అవి ఎప్పుడో కురచైపోయి ఉన్నాయి. ఆయన ఎలాగో ఆ పని ముగించి, టీ వద్దని చెప్పి ఇంటికొచ్చారు. దారిలో ఎవరో పలకరిస్తే తలెత్తలేకపోయారు.

బేబి గారు బియ్యం ఏరుతున్నారు. ఆయన ఎదురుగా కూర్చుని జరిగింది చెప్పారు. ఆవిడ ఆశ్చర్యపోలేదు. చేట పక్కన పెట్టారు.

"నాకు ఆ రోజే తెలుసండీ. ఆ ముక్కలన్నీ ఊడ్చింది నేనే కదా," అన్నారు. "సంచి బోర్లించేశారు. అంతమందిలో మిమ్మల్నేం అంటాను? అబ్బాయికి స్క్రూ ఇచ్చి ఊరుకున్నాను."

ఆయనకి భార్య మీద కోపం రాలేదు. వచ్చుంటే కాస్త తేలికగా ఉండేది. ఆవిడ కూడా ఇన్నాళ్లూ ఈ సిగ్గుని కడుపులో పెట్టుకునే తన పక్కన ఏసీ కింద పడుకుందన్నమాట. ఆ రాత్రి ఆయన ఏసీ వెయ్యనివ్వలేదు.

జయపాల్ ఇంటికి వెళ్లాలని ఎన్నిసార్లో బయల్దేరారు. ఒకసారి పాల కేంద్రం దాకా వెళ్లి పాలు కొనుక్కుని వచ్చేశారు. ఒకసారి ఇంటి ముందు దాకా వెళ్లి, సారిక బట్టలు ఆరేస్తుంటే చూసి పక్క సందులోకి తిరిగేశారు. ఎవరికైనా బుద్ధి చెప్పమంటే గంటసేపు చెప్పగల మనిషికి, తన తప్పు నాలుగు మాటల్లో ఒప్పుకోవడానికి నోరు పెగల్లేదు. ఆఖరికి ఒక శనివారం సాయంత్రం జయపాల్ బండి కడుక్కుంటుంటే వెళ్లి నిలబడ్డారు. వైర్లు తనే కోసుకున్నానని, వాడి తప్పు ఏమీ లేదని, క్షమించమని చెప్పారు.

జయపాల్ నీళ్ల మగ్గు కింద పెట్టాడు. కుర్చీ తెప్పించాడు. కూర్చోబెట్టాడు. మర్యాదకేం లోటు చెయ్యలేదు.

"నేను కొయ్యలేదని నాకు తెలుసు కదండీ. నాకు చెప్తే ఏం లాభం?" అన్నాడు. "చర్చిలో చెప్పండి."

చెప్తానన్నారు ఆయన. ఆ మాటతో కాస్త గుండె నిబ్బరం చిక్కింది. చెప్పేస్తే అయిపోతుంది, వాడి పేరు వాడికి వస్తుంది, పరువు పోతే తనదే పోతుంది, పోనీ అనుకున్నారు. నిజంగానే అనుకున్నారు.

మర్నాడు ఆరాధనలో సాక్ష్యాల వేళకి రాజరత్నం గారు లేచారు. ఆయన సాక్ష్యం చెప్పడం కొత్తేమీ కాదు. చర్చి అంతా మామూలుగానే చూసింది. ఆయన ముందుకెళ్లి మైకు పట్టుకుని, తాను పాపినని, దొంగ జయపాల్ కాదని, తానేనని, తన చేతులతోనే ఆ వైర్లు కోసి అమాయకుడి మీద నింద వేశానని చెప్పారు. సంచి బోర్లించిన సంగతి చెప్పారు. చెప్తూ ఏడ్చారు.

ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో "స్తోత్రం" అన్నారు. ఇంకెవరో కళ్లు తుడుచుకున్నారు. పాపినని ఆ మైకులో వారం వారం ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. అలా చెప్పినవాణ్ని అందరూ మెచ్చుకుంటారు. తన ఇంట్లో వైర్లు తనే కోసుకునే మనిషి ఎక్కడైనా ఉంటాడా? కుర్రాడి బతుకు పాడవుతుందని జాలిపడి, పెద్దాయన ఆ నేరం తన మీద వేసుకున్నారని వాళ్లకి అర్థమైంది. రాజరత్నం గారికి వాళ్ల మొహాలు చూస్తుంటే అది తెలుస్తూనే ఉంది. కాదండీ, ఫీజు ఎగిరినప్పుడల్లా నిజంగానే నేనే కోశానండీ అని మళ్లీ చెప్పారు. పాస్టరు గారు లేచొచ్చి ఆయన భుజం చుట్టూ చెయ్యి వేశారు. ఒకరి తప్పు మరొకరు మొయ్యడమంటే ఇదే అని, ఆ రోజు ప్రసంగం దాని మీదే నడిపారు.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర జనం ఆయన చుట్టూ మూగారు. చేతులు పట్టుకున్నారు. చిట్టియ్య అనే ముసలాయన వంగి కాళ్లకి మొక్కబోతే ఆయన గబుక్కున వెనక్కి జరిగారు. సెక్రటరీ ఉదయ్‌కుమార్ వచ్చి, మీ మాట మీద కమిటీ మెత్తబడిందండీ అన్నాడు. వైరింగ్ పని టౌన్ మనిషికి ఇచ్చేశాం కాబట్టి దాన్ని కదపలేం, పోనీ జూబిలీకి సీరియల్ లైట్లు కట్టే పని జయపాల్‌కి ఇద్దాం, మీరు దగ్గరుండి ఓ కంట కనిపెట్టండి అన్నాడు.

"జయపాల్, ఇలా రా బాబూ," అని పాస్టరు గారు కేకేశారు. "అంత చేసినా నిన్ను క్షమించారు. పెద్దాయనకి వందనాలు చెప్పు."

వెనక నిలబడ్డ జయపాల్ జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చాడు. వాడి వెనకాల సారిక కూడా వచ్చి, ఈసారి మొహం తిప్పుకోకుండా సూటిగా ఆయన్నే చూస్తూ నిలబడింది. రాజరత్నం గారు అందరి వైపూ తిరిగి, అయ్యా, మీరెవరూ నా మాట నమ్మడం లేదు అంటూ మళ్లీ మొదలుపెట్టబోయారు.

"ఇంక చెప్పకండి బాబాయిగారండీ," అన్నాడు జయపాల్, ఆయనొక్కరికే వినబడేలా. "మీరు చెప్పేకొద్దీ నేను దొంగనైపోతున్నాను."

తరవాత వాడు ఒకడుగు వెనక్కి వేసి, అందరికీ వినబడేటట్టు వందనాలండీ అని చేతులు జోడించాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. రాజరత్నం గారు కూడా తిరిగి చేతులు జోడించాల్సి వచ్చింది.