గోరింక పాసైన పరీక్ష

చెక్క ముక్కలకి చొక్కాలు కుట్టడం టైలరమ్మకి అదే మొదటిసారి. మొత్తం తొమ్మిది. నాలుగు ఎర్రవి, నాలుగు తెల్లవి, సగం ఎరుపూ సగం తెలుపూ ఉన్నది ఒకటి. అంగుళం పొడవు, అంగుళం వెడల్పు, అంగుళం ఎత్తు. మెడ లేదు, చంక లేదు, ఇక్కడ పట్టేసింది అక్కడ వదులైంది అని సణిగే నోరు అసలే లేదు. ఇంత మంచి కస్టమర్లు తనకెప్పుడూ తగల్లేదనుకుంది.

ఆ ముక్కలు ఆమె కూతురి కోసం. నాలుగేళ్ళ పిల్ల. బడి కాగితాల్లో ఏ పేరున్నా ఇంట్లోనూ వీధిలోనూ అందరికీ గోరింకే. ఏడాదిన్నరకే గలగలా వాగుతోందని నాయనమ్మ మురిసిపోయి పెట్టిన పేరు. ఇప్పుడా పిల్ల రోజు మొత్తమ్మీద పది మాటలంటే గొప్ప. కావాల్సినదాని దగ్గరికి అమ్మ చెయ్యి పట్టుకు లాక్కెళుతుంది. మాటలు పోయాయి గాని పేరు మార్చే ధైర్యం ఎవరికీ లేదు.

వీధి చివర పాత బ్యాటరీలు పగలగొట్టి లోపలి సీసం కరిగించే షెడ్డు ఉంది. గోరింక నాన్నకి అక్కడే, కొలిమి దగ్గర పని. సీసం పొడి పసివాళ్ళ ఒంట్లోకి పోతే ఎదిగే మెదడుకీ నరాలకీ ఏమవుతుందో తెలుసుకోవాలని పరిశోధన కేంద్రంవాళ్ళు వచ్చి, ఆరేళ్ళలోపు పిల్లలందరి పేర్లూ రాసుకున్నారు. ముందు రక్తం తీశారు. రెండు నెలల తర్వాత పరీక్షకి రమ్మన్నారు. పరీక్ష పెట్టే ఆవిడ ఒక పెట్టె నిండా చెక్క ముక్కలు, పూసలు, బొమ్మల అట్టలు వేసుకుని కూర్చునేది. వీధి ఆడవాళ్ళు ఆవిడకి పరీక్షలమ్మ అని పేరు పెట్టేశారు.

అసలు కొంప ముంచింది ఆ "పరీక్ష" అన్న మాటే. ఆటలాడించడానికి తీసుకురండి అని ఉంటే ఎవరి పనుల్లో వాళ్ళుండేవారు. పరీక్ష అన్నాక పాసవ్వాలి, పాసవ్వాలంటే ముందు చదవాలి. ఇందులో ఆలోచించేదేముంది?

"మన ఇంట్లో పరీక్ష తప్పినవాళ్ళు లేరమ్మాయ్," అంది అత్తగారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

"మరి మీ అబ్బాయి పదో తరగతి?"

"వాడు తప్పలేదు. రాయలేదు."

పక్కింటి పిల్లకి పరీక్ష ఉన్న రోజున టైలరమ్మ తోడొస్తానని వెళ్ళింది. తలుపుకి అద్దం ఉంది. అద్దంలోంచి చూస్తే బల్ల మీద ఎర్రవీ తెల్లవీ ముక్కలు, వాటితో పరీక్షలమ్మ చూపిస్తున్న డిజైన్లు. మొత్తం నాలుగు. షాపు కిటికీలో వేలాడే గౌనుని ఒక్కసారి చూసి ఇంటికొచ్చి కత్తిరించే మనిషికి నాలుగు డిజైన్లు ఒక లెక్కా? ఇంటికొచ్చి కత్తెర పట్టింది.

నలభై రోజులు, మధ్యాహ్నం మిషను ఆపేసి, తల్లీ కూతుళ్ళు నేల మీద చదువుకి కూర్చున్నారు. గోరింకకి డిజైన్లు ఎక్కలేదు. ఎక్కింది ఇంకోటి. పిల్ల చెయ్యి తప్పు ముక్క మీదికి పోతే అమ్మ కనుబొమ్మ పైకి లేచేది. సరైన ముక్క దగ్గరికి రాగానే కిందికి దిగేది. టైలరమ్మ అది కావాలని చేసింది కాదు, సూది బెజ్జంలో దారం ఎక్కిస్తున్నప్పుడు నాలుక బయటికొచ్చినట్టు దానంతటదే. గోరింక ముక్కలకేసి చూడ్డం మానేసి కనుబొమ్మకేసి చూడ్డం నేర్చుకుంది.

పరీక్ష రోజున, చిన్నపిల్ల కదా బెంగపడుతుందని తల్లిని కూడా లోపలే కూర్చోమన్నారు. పరీక్షలమ్మ కుర్చీకి కాస్త వెనకగా, పిల్లకి ఎదురుగా. ఇంకేం కావాలి? గోరింక నాలుగు డిజైన్లూ పేర్చేసింది. ఆవేళ సాయంత్రం అత్తగారు వీధరుగు మీద కూర్చుని, దారినపోయే ప్రతివాళ్ళనీ ఆపి మరీ చెప్పింది.

మూడు వారాలకి కేంద్రం డాక్టరుగారు పిలిచారు. ముందు రక్తం కాగితం చూపించారు. సీసం ఎంత ఉండాలో చెప్పారు. అసలు ఉండనే కూడదట. గోరింకకి ఎంత ఉందో చెప్పారు. టైలరమ్మ ఆ అంకెని రోజూ రాసుకునే కొలతల అంకెల్లా చూడబోయింది, కుదర్లేదు. అది పెద్దమనిషి నడుం కొలతంత ఉంది.

"ఒంట్లో చేరిన సీసం చేసిన నష్టాన్ని వెనక్కి తిప్పలేమమ్మా," అన్నారాయన. "కాని ఈ వయసులో రోజూ దగ్గర కూర్చుని మాటలూ ఆటలూ నేర్పిస్తే ఉన్నది నిలబడుతుంది, కొంత పెరుగుతుంది కూడా. అందుకే ఏడాది పాటు రోజూ శిక్షణ పెడుతున్నాం. ఇద్దరు టీచర్లే ఉన్నారు. రక్తంలో సీసం ఎక్కువుండి, పరీక్షలో బాగా వెనకబడ్డ పిల్లల్నే తీసుకోగలం. మీ పాప అదృష్టవంతురాలు. పరీక్షలో వయసుకు తగ్గట్టే చేసింది."

అదృష్టం అన్న మాట విని భయపడడం టైలరమ్మకి అదే మొదలు.

ఆయన ఇంకో ప్రశ్న కూడా అడిగారు. "మీ ఆయన పని బట్టలు ఎక్కడ దులుపుతారు?"

ఎక్కడేమిటి, కిటికీ దగ్గర. ఇల్లు అద్దంలా ఉంచుకుంటుందని ఆమెకి పేరు. ఆయన షెడ్డునించి రాగానే చొక్కా విప్పించి, కిటికీ దగ్గర నిలబడి మూడుసార్లు ఫటఫటా దులిపేది. అలా దులపందే గూట్లో పెట్టేది కాదు. గాలి బాగా వస్తుందని ఉయ్యాల కట్టింది కూడా ఆ కిటికీ కిందే. రెండేళ్ళు. ఇంటికొచ్చి వేళ్ళ మీద లెక్క వేసుకుంది. రోజుకి మూడు దులుపులు. లెక్క మధ్యలో ఆపేసింది. చేతులు చూసుకోబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం ఆయన చొక్కా గుమ్మం బయటే మేకుకి తగిలించమంది.

"పాసైంది కదా, ఇంకా ఎందుకీ గోల?" అన్నాడాయన, బనీనుతో నిలబడి. "పిల్లలందరూ బాగున్నారని తేలితే షెడ్డు మూయరు. ఓనరు స్వీట్లు పంచుతానన్నాడు."

"మన పిల్లకి స్వీటు అనడం వచ్చాక పంచమనండి."

ఆయన చొక్కా మేకుకి తగిలించాడు. తర్వాత పెరట్లోకి వెళ్ళి తల మీంచి నీళ్ళు గుమ్మరించుకున్నాడు. ఒకసారి కాదు, బావిలో నీళ్ళన్నీ తోడేస్తాడేమో అనిపించేదాకా.

శిక్షణ పిల్లల జాబితా శుక్రవారానికి ఖాయం చేస్తారని తెలిసింది. అది సోమవారం. మంగళవారం పొద్దున టైలరమ్మ మిషను పక్కన కూర్చుని చెయ్యి చాచి, "గోరింకా, కత్తెర ఇలా ఇయ్యమ్మా," అంది. ఏడాది నిండకముందే పిల్ల పలికిన రెండో మాట అది. అప్పట్లో "కత్తె" అనేది. మొదటి మాట అమ్మ, రెండోది కత్తె. నాన్న అనడానికి ఇంకో నెల పట్టింది. ఆయన ఇప్పటికీ దెప్పుతూ ఉంటాడు.

గోరింక కత్తెర కేసి చూడలేదు. అమ్మ కనుబొమ్మ కేసి చూసింది.

టైలరమ్మ పిల్లని చంకనేసుకుని, ఒక సంచీలో తొమ్మిది చెక్క ముక్కలూ కొలతల పుస్తకమూ వేసుకుని బయల్దేరింది.

"మళ్ళీ ఎక్కడికి?" అంది అత్తగారు.

"కాపీ కొట్టామని చెప్పడానికి."

"ఎవరైనా చెప్పుకుంటారటే?"

"మీ అబ్బాయిలా రాయకుండా ఉన్నా బాగుండేది అత్తయ్యా."

పరీక్షలమ్మ భోజనం డబ్బా మూత తీయబోతూ, సంచీలోంచి బల్ల మీదికి దొర్లిన ముక్కల్ని చూసి ఆగిపోయింది. ఒకటి చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. అంచు కుట్టు కనబడకుండా లోపలికి మడిచి ఉంది.

"ఎవరు చేశారు?"

"నేనే."

"మా కేంద్రంవి రంగు వెలిసిపోయాయి. వాటికంటే మీవే బాగున్నాయి," అంది. ఆవిడ మొహంలో నవ్వు లేదు. "ఎన్నాళ్ళు నేర్పించారు?"

"నలభై రోజులు. అది కూడా దానికి రాలేదు మేడమ్. నా మొహం చూసి పెట్టింది. నా కూతురికి ఏమీ రాదు. మాటలు పోతున్నాయి. ఇదిగో, ఏడాదిన్నరప్పుడు ఎన్ని వచ్చేవో చూడండి." కొలతల పుస్తకం చివరి పేజీ తీసింది. ఎవరిదో ఛాతీ, ఎవరిదో భుజం, వాటి కింద వరసగా గోరింక మాటలు. నలభై ఒకటి. ముద్దుకి రాసుకుంది, సాక్ష్యానికి కాదు. "ఇప్పుడు చూస్తే ఆరున్నాయి. మీరు దానికి మార్కులు తీసెయ్యండి. ఫెయిలని రాయండి. దాని రక్తంలో సీసం ఎంతుందో తెలుసా మీకు, డాక్టరుగారు చెప్పారు..."

పరీక్షలమ్మ చటుక్కున చెయ్యి ఎత్తింది. "ఆ అంకె చెప్పకండి."

అంకె పళ్ళదాకా వచ్చి ఆగింది.

"ఏ పిల్ల రక్తంలో ఎంతుందో నాకు చెప్పరమ్మా. చెబితే పిల్ల చెయ్యి కదపకముందే నా పెన్సిలు మార్కులు వేసేస్తుంది. మీరు ఇప్పుడా అంకె అన్నారంటే ఈ పిల్లకి నేనిక పరీక్ష పెట్టడానికి లేదు. ఇంకొకరు రావాలంటే నాలుగు నెలలు. మింగెయ్యండి."

టైలరమ్మ మింగేసింది.

ఆవిడ లోపలికి వెళ్ళి డాక్టరుగారితో చాలాసేపు మాట్లాడి వచ్చింది. మామూలుగా ఆరు నెలలదాకా అదే పిల్లకి మళ్ళీ పెట్టకూడదు. అయితే మొదటిది చెల్లదు కాబట్టి ఆ లెక్క కొట్టేస్తారు. వేరే పెట్టె ఉంది, అందులో వేరే పరీక్షలు. గురువారం పొద్దున రమ్మన్నారు.

"ఈ రెండు రోజులూ ఏమీ నేర్పించొద్దు," అంది పరీక్షలమ్మ. "తెలియకుండా కూడా."

ఏమీ నేర్పించకుండా ఉండడం ఎంత కష్టమో ఆ రెండు రోజుల్లో తెలిసింది. పిల్లకి అన్నం పెడుతూ "ముద్ద" అనకూడదా? అంటే నేర్పించినట్టా? అత్తగారైతే మనవరాలి ఎదుట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తిరిగింది. ఆవిడ జీవితంలో రెండు రోజులు మాట్లాడకుండా ఉండడం అదే మొదలని, దేవుడు చల్లగా చూస్తే అదే ఆఖరు కావచ్చని కొడుకు అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా.

గురువారం కొత్త పెట్టెలో ముక్కలు లేవు. బొమ్మల అట్టలున్నాయి. బొమ్మ చూసి పేరు చెప్పాలి. చెప్పినా చెప్పకపోయినా పరీక్షలమ్మ కాగితం మీద పెన్సిలుతో ఒక గీత గీస్తుంది.

"మీరు బయట కూర్చుంటే మంచిది," అంది ఆవిడ. తల్లి గుమ్మం దాటిందో లేదో పిల్ల కుర్చీ దిగి తలుపుకి అతుక్కుపోయింది. మూడుసార్లు ప్రయత్నించారు. చివరికి ఆవిడ నిట్టూర్చి, "సరే, లోపలే ఉండండి. కాని..." అంది.

"నాకు తెలుసు మేడమ్." టైలరమ్మ తన స్టూలుని గోడవైపు తిప్పుకుని, గోడకి మొహం పెట్టి కూర్చుంది.

గోడకి లేత నీలం రంగు. ఒక చోట పెచ్చు లేచి ఉంది. ఆమె ఆ పెచ్చునే చూస్తూ కూర్చుంది.

"ఇదేంటమ్మా?" అంది పరీక్షలమ్మ వెనకనుంచి.

మౌనం. పెన్సిలు గీత చప్పుడు.

"ఇదీ?"

"పాలు," అంది గోరింక.

టైలరమ్మ గుండె ఎగిరింది. ఎగిరినందుకు తనని తనే తిట్టుకుంది. చెప్పకు తల్లీ. చెప్పమ్మా. ఈ రెండూ ఒకే ఊపిరిలో ఎలా పడతాయో ఆమెకి తెలియలేదు. బడిలో చదివిన రోజుల్లో పాసవ్వాలని దండాలు పెట్టింది. పెళ్ళయ్యాక ఆయన కోసం పెట్టింది. ఒక సున్నా కోసం ఇంతగా బతిమాలుకున్నది ఇప్పుడే.

గీత. ఇంకో గీత. ఇంకోటి.

"ఇదేంటో చెప్పు. మీ ఇంట్లో ఉంటుంది కదా."

మౌనం. ఇంట్లో ఉండేదంటే ఏమిటో ఆమెకి తెలిసిపోయింది. రెండు అక్షరాలన్నా చాలు, కత్తె అన్నా చాలు. మాట తన నాలుక మీదికి వచ్చి కూర్చుంది. పెదవులు బిగించింది. కళ్ళు మూసుకుంది.

కుర్చీ కిర్రుమంది. చిన్న అడుగుల చప్పుడు. గోరింక స్టూలు చుట్టూ తిరిగి గోడకీ అమ్మకీ మధ్య సందులోకి దూరింది. పాల వాసన వేసే ఊపిరి మొహానికి తగిలింది. టైలరమ్మ కళ్ళు తెరవలేదు. మొహంలో ఒక్క నరం కదపలేదు.

చిన్న వేలు వచ్చి ఆమె కనుబొమ్మ మీద ఆనింది. దాన్ని పైకి తోసింది. కాసేపు ఆగి కిందికి లాగింది. మళ్ళీ పైకి.

చాలాసేపటికి పెన్సిలు గీత చప్పుడు వినిపించింది.

శుక్రవారం సాయంత్రం కాగితం వచ్చింది. అత్తగారు గుమ్మంలోనే అందుకుంది. కళ్ళద్దాలు చేతిలోనే ఉన్నా పెట్టుకోలేదు.

"పాసైందా?"

"లేదత్తయ్యా," అంది టైలరమ్మ కాగితం చూసి. "జాబితాలో పేరుంది."

అత్తగారు అరుగు మీద కూర్చుంది. దారినపోతున్న ఇద్దరు పలకరించారు. ఆవిడ ఎవరినీ ఆపలేదు. చీకటి పడబోతుండగా లేచి, "సోమవారం ఎన్నింటికి తీసుకెళ్ళాలి?" అని అడిగింది.

"తొమ్మిదింటికి."

"నేనూ వస్తాను. నువ్వు లోపల గోడకేసి కూర్చుంటే పిల్లని పట్టుకోడానికి ఒక మనిషుండాలిగా."

మేకుకి ఆయన చొక్కా వేలాడుతోంది. గోరింక దాని కింద నిలబడి చెయ్యి చాచబోయింది. టైలరమ్మ ఒక్క అంగలో వెళ్ళి పిల్లని ఎత్తుకుంది. పిల్ల ఏడవలేదు. అమ్మ మొహంలోకి చూసి, కనుబొమ్మ మీద వేలు పెట్టి, అది ఎటు కదులుతుందా అని ఎదురుచూసింది.