నలభై రెండు కిలోమీటర్లు

మా ఆవిడ వెనక సీటులో లేదన్న సంగతి నాకు నలభై రెండు కిలోమీటర్లు వెళ్ళాక తెలిసింది. విన్నవాళ్ళంతా ముందు పొట్ట పట్టుకుని నవ్వుతారు. తర్వాతి సంగతి చెప్పాక ఆగిపోతారు.

నేను డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మొదటి రోజు చెప్పేది ఒకటే: "అద్దం చూడకుండా బండి కదపకు." మా ఆవిడ ఆపరేషన్ థియేటర్లో నర్సు. నాకు మేనమామ కూతురు, పెళ్ళయి ఇరవై మూడేళ్ళయినా బావా అనే పిలుస్తుంది. మా అమ్మాయి ఉద్యోగంలో చేరిన ఏడాది ఇద్దరం తీరిక చేసుకుని మోటారు సైకిలు మీద దేశాలు చూడ్డానికి బయల్దేరాం. రెండు సరిహద్దులు దాటి మూడో దేశంలో అడుగుపెట్టి అప్పటికి ఐదు రోజులు. అక్కడి భాషలో మాకు వచ్చినవి మూడే మాటలు: నీళ్ళు, కుడి, ధన్యవాదాలు.

వానకి తడిసి హెల్మెట్లలోని మైకులు మూగబోయాయి. నా ఫోనూ పాడైంది. దారి చూసుకోవడానికి ఆమె ఫోను హ్యాండిల్‌కి బిగించాను. మైకు లేకపోయినా నేను మాట్లాడటం మానలేదు. గాలి హోరులో ఆమె జవాబు ఎలాగూ వినబడదు కనుక "ఊఁ" అందనుకుని నా కథ నేను సాగించేవాణ్ణి. ఆమె ఎక్కి కూర్చున్నాక నా భుజం మీద రెండుసార్లు తట్టాలి, నేను బండి కదపాలి. అదీ మా ఒప్పందం.

ఆ రోజు మధ్యాహ్నం ఒక పెట్రోలు బంకులో ఆగాం. ఆమె హెల్మెట్ పట్టుకుని వెనక బాత్రూముకి వెళ్ళింది. నేను ట్యాంకు నింపించి, చెవుల్లో దూది పెట్టుకుని, హెల్మెట్ తగిలించుకుని బండి మీద కూర్చున్నాను. ఎక్కడో ఢామ్మని చప్పుడైంది. లారీ టైరు పేలి ఉంటుందనుకున్నాను. పెట్రోలు కొట్టేవాడు పరుగున వచ్చి, వెనక కట్టిన కట్టు వదిలి జారుతున్న మా సామాన్ల సంచీని నా నడుముకి ఆనేలా సీటు మీదికి తోసి, నా భుజం మీద రెండుసార్లు తట్టాడు. అప్పుడు నాకు తెలిసిందల్లా నా వీపుకి ఏదో ఆనడం, భుజం మీద రెండు దెబ్బలు. అద్దంలోకి చూశాను కూడా, వెనక లారీ వస్తోందా లేదా అని. బండి కదిపాను.

రోడ్డు బ్రహ్మాండంగా ఉంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. అమ్మాయికి సంబంధం చూడాలా, ఇంకో రెండేళ్ళు ఆగాలా అన్న విషయం ఎత్తుకున్నాను. నా వాదన చెప్పాను, ఆమె అనబోయేది కూడా నేనే చెప్పి, దానికీ జవాబిచ్చాను. చివరికి ఒక మలుపు దగ్గర, లోయ అవతల జలపాతం కనబడితే ఆపాను.

"దిగు, ఫోటో తీస్తా," అన్నాను.

దిగలేదు. తిరిగి చూశాను. సీటు మీద సంచీ ఉంది.

సంచీ మీద చెయ్యి వేసి నొక్కి చూశాను, దాని కింద ఎక్కడో మనిషి ఉన్నట్టు. పిచ్చివాడిలా బండి చుట్టూ తిరిగాను. బంకులో ఎక్కింది కదా, భుజం తట్టింది కదా. ఎక్కిన మనిషి లేదంటే పడిపోయినట్టే. ఎక్కడ పడింది? ఏ మలుపులో? పడుతూ అరిచి ఉంటుంది. నేను సంబంధాల గురించి ఉపన్యాసం ఇస్తున్నాను.

బండి తిప్పాను. వచ్చేటప్పుడు ముప్పావుగంట పట్టిన దారి వెనక్కి వెళ్ళడానికి గంటన్నర పట్టింది. ప్రతి మలుపులో దిగాను, రోడ్డంచున నిలబడి లోయలోకి పిలిచాను. ఒకచోట నల్ల బూటు కనబడింది. వంగి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఎవరిదో మగవాడిది, లోపల గడ్డి మొలిచింది. దాన్ని అక్కడే వదిలి మళ్ళీ బండెక్కాను.

బంకు చేరేసరికి బాత్రూము గోడ మీద ఆమె హెల్మెట్ ఉంది. పడలేదన్నమాట! ఇక్కడే ఉంది! పరిగెత్తాను. బంకు వెనక టైర్లు బాగుచేసే రేకుల షెడ్డు. దాని నేలంతా రక్తం. మరకలు కాదు, మడుగు. అందులో ఆమె బూట్ల ముద్రలు. షెడ్డు నుంచి వాకిలిదాకా ఎవరినో ఈడ్చినట్టు ఎర్రటి చార.

పెట్రోలు కొట్టేవాడు నన్ను చూసి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. గబగబా ఏదో చెబుతున్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. నా హెల్మెట్ వైపు చూపించాడు, ఆమె హెల్మెట్ వైపు చూపించాడు, తన తొడ మీద రెండు చేతులూ అదిమి పెట్టాడు, స్టీరింగ్ తిప్పినట్టు చేసి దూరంగా చెయ్యి చాపాడు. ఆ గోలలో ఒక్క మాట తెలిసింది. ఆసుపత్రికి అక్కడా హాస్పిటల్ లాంటి మాటే వాడతారు.

"బతికుందా?" అన్నాను తెలుగులోనే.

తలూపాడు.

"చచ్చిపోయిందా?"

దానికీ తలూపాడు.

అతను కాగితం మీద గీత గీసి ఇచ్చాడు. మేము వచ్చిన దారిలోనే వెనక్కి పద్దెనిమిది కిలోమీటర్లు, తర్వాత కుడికి. నేను ఎలా నడిపానో నాకు తెలియదు. ఇప్పటికీ ఆ దారి ఒక్క అడుగైనా గుర్తులేదు.

అది చిన్న ఆసుపత్రి. పొడుగాటి వరండా, గోడకి ఆనించి బెంచీలు. కౌంటరులో కూర్చున్న ఆవిడకి మా ఆవిడ ఫోటో చూపించాను. ఆమె లేచి లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో మా ఆవిడ జాకెట్. మోచేతుల దాకా తడిసి బరువుగా ఉంది. దాన్ని గుండెకి హత్తుకుని బెంచీ మీద కూర్చున్నాను. అమ్మాయికి ఫోను చేసి ఏమని మొదలుపెట్టాలి అన్న ఒక్క ఆలోచనే తిరుగుతోంది.

"బావా."

తలెత్తాను. ఎవరిదో వదులైన ఆకుపచ్చ కోటు వేసుకుని, జుట్టు రేగిపోయి, మా ఆవిడ నిలబడి ఉంది.

"నీకేం కాలేదా?"

"నాకేమవుతుంది? టైరు బాగుచేసే ఆయనకి. లారీ టైరుకి గాలి కొడుతుంటే దాని అంచున ఉండే ఇనుప చుట్టు ఎగిరి తొడలో దిగింది. పెద్ద రక్తనాళం తెగింది. రెండు చేతులూ పెట్టి అదిమాను. పాల వ్యానులో ఇక్కడిదాకా అట్లాగే వచ్చాను, డాక్టరు వచ్చేదాకా చెయ్యి తియ్యలేదు."

"నన్ను పిలవొచ్చు కదా!"

"పిలవలేదా? షెడ్డులోంచి నువ్వు కనబడుతూనే ఉన్నావు. గొంతు పగిలేలా అరిచాను. అతనెవరో దారి ఖాళీ చెయ్యమని నిన్ను తట్టాడు, నువ్వు వెళ్ళిపోయావు. చెయ్యి తీసి పరిగెడితే నువ్వు దొరుకుతావు, ఆయన పోతాడు." పక్కన కూర్చుంది. "నువ్వు ఎక్కడికి పోతావులే అనుకున్నా."

ఆమె వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి. నా చేతుల్లోకి తీసుకుని ఒక్కొక్కటే తెరవడానికి చూశాను.

"ఎంత దూరం పోయాక చూసుకున్నావు?"

చెప్పాను. నమ్మలేదు. మళ్ళీ చెప్పాను.

"నలభై రెండా! దారిలో మాట్లాడావా?"

"మాట్లాడాను."

"దేని గురించి?"

"అమ్మాయి సంబంధం."

"నేనేమన్నాను?"

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, ఆ నవ్వులోంచే ఏడుపులోకి జారింది. కౌంటరులో ఆవిడ మంచినీళ్ళు తెచ్చి పెట్టి వెళ్ళింది. గ్లాసు పట్టుకోవడం ఆమెకి చేతకాలేదు. నేనే తాగించాను.

"ఇంతకు ముందెప్పుడైనా ఇట్లా చేశావా?" అన్నాను.

"థియేటర్లో చాలాసార్లు. ముగ్గురు నా చేతుల కిందే పోయారు బావా. ఒకడికి మన అమ్మాయి వయసు."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వెప్పుడూ అడగలేదే."

కోపంగా అనలేదు. అందుకే తట్టుకోలేకపోయాను. ఏ రోజు జరిగింది, ఎలా జరిగింది, ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఏం చేసిందని అడిగాను. ముందు ముక్కలు ముక్కలుగా చెప్పింది, తర్వాత ఆపకుండా చెప్పింది. కుర్రవాడు పోయిన రోజు నేను కొత్త కారు కొన్న ఆనందంలో అందరికీ మిఠాయి పంచానట. ఆమె కూడా ఒకటి తిని, నిద్రొస్తోందని పడుకుందట. నాకు ఆ మిఠాయి గుర్తుంది. ఆమె ముఖం గుర్తులేదు. బెంచీ మీద కదలకుండా కూర్చుని విన్నాను.

చీకటి పడకముందే డాక్టరు బయటికి వచ్చి, మా ఆవిడని చూసి బొటనవేలు పైకెత్తాడు. టైరు బాగుచేసే ఆయన బతికాడు. ఆయన అక్క వచ్చి, భాష లేక, మా ఆవిడ అరచేతులు తన కళ్ళకి అద్దుకుంది.

"పొద్దున్నే బయల్దేరదామా?" అడిగాను. అడిగి ఆగాను.

ఆమె ఆపరేషన్ గది తలుపు వైపు చూసింది. "వద్దు. ఆయన లేచి నిలబడటం చూసి వెళ్దాం."

తొమ్మిది రోజులు ఆ ఊళ్ళోనే ఉన్నాం. ప్రయాణం చివర చూడాలనుకున్న సముద్రం చూడలేదు. పదో రోజు పొద్దున ఆయన వరండాలో చంకకర్ర మీద నాలుగడుగులు వేశాడు. మా ఆవిడ ఆయన ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ, తెలుగులోనే, "ఇంకొకటి... ఇంకొకటి" అంటూ ఉంది.